కిటికీ పక్కన కూచున్న కండక్టరు

మదనపల్లె నుంచి కుప్పం పోయే బస్సులో గంగులప్ప ఎక్కని రోజు లేదు. కూచున్న రోజూ లేదు. పుంగనూరు, పలమనేరు, వెంకటగిరికోట అంటూ అదే దారిలో పోయి అదే దారిలో తిరిగొచ్చాడు, ఉద్యోగం చేసినన్నాళ్లూ. గానుగెద్దు మాత్రం తక్కువ దూరం నడుస్తుందా? కానీ గానుగ దాటి ఎక్కడికి పోతుంది?

రెండువేల రెండులో రిటైరయ్యాక ఆయనకి వచ్చిన చిక్కేమిటంటే, బస్సు దిగాడు గానీ కండక్టరు ఆయనలోంచి దిగలేదు. ఇంటికి చుట్టాలొస్తే "రాండి, కూచోండి" అనడానికి బదులు "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అనేవాడు. పెళ్లి భోజనాల దగ్గర ఇద్దరు కూచునే చోట ముగ్గుర్ని సర్దేవాడు. మధ్యాహ్నం కునుకులో ఉండగా వీధిలో ఏ లారీ అయినా ఆగిందంటే, కళ్లు మూసుకునే "పుంగనూరు దిగేవోళ్లు!" అని కేకేసేవాడు. ఉన్నది పుంగనూరులోనే కాబట్టి ఎవరూ దిగేవారు కాదు.

ఆయన భార్య రెడ్డెమ్మకి ఈ కేకల మీద కోపం లేదు. ఆమె కోపం వేరే.

"ఊర్లో జనాన్నంతా ఊర్లు దాటించినావు. కట్టుకున్నదాన్ని పలమనేరు సంత దాటించలే. నేను సచ్చినాకన్నా నన్ను బస్సెక్కిస్తావో, నడిపించుకునే పోతావో!" అనేది.

గంగులప్ప అప్పుడు పేపరు అడ్డం పెట్టుకునేవాడు.

ఆ మరుసటి వేసవిలో, మామిడికాయలు జోరుగా ఉన్న రోజుల్లో, పక్కింటి పాపక్క ఇంటికి ఒక ఫోనొచ్చింది. కోయంబత్తూరు నుంచి ఫ్లోరా. ఫ్లోరా భర్త ఆనందరావూ గంగులప్పా పన్నెండేళ్ల పాటు ఒకే బస్సులో డ్రైవరూ కండక్టరూ. ఆనందరావు వాళ్లమ్మ మదనపల్లె మిషను ఆసుపత్రిలో నర్సు. ఆయన పుట్టిందీ పెరిగిందీ ఆ కాంపౌండులోనే. రిటైరయ్యాక భార్యాభర్తలిద్దరూ కోయంబత్తూరులో టీచరుగా ఉన్న కూతురు జెస్సికా దగ్గరికి పోయి ఉంటున్నారు.

ఫోనులో ఫ్లోరా, "రెడ్డెమ్మా, ఈయన ఈడికొచ్చినాక నోరు తెరిచేది అన్నానికీ, ప్రార్థనకీ. అంతే. ఈ ఊరి భాష రాదు, వొచ్చిన భాష మాట్లాడేదానికి మనిషి లేడు. మీ ఆయనొస్తే రెండు మాటలన్నా రాల్తాయేమో. ఒక్క నాలుగు దినాలు వొచ్చిపోండి," అంది.

రెడ్డెమ్మ మొగుణ్ణి అడగలేదు. ముహూర్తం చూడలేదు. "వస్తాండాం," అని ఫోను పెట్టేసింది.

గంగులప్ప పేపరు దించాడు. "కోయంబత్తూరా? దోవలో ఏమేం స్టేజీలు ఉండాయో గూడా తెలీదే నాకు!"

"స్టేజీలు నీకెందుకప్పా? టికెట్లు కొట్టేదానికి పోతాండావా? వొచ్చేటప్పుడు బెంగుళూరులో పాపను గూడా సూసుకోని వొద్దాం," అంది రెడ్డెమ్మ. పాప అంటే వాళ్ల కూతురు భార్గవి. పెళ్లయి బెంగుళూరులో కాపురముంది.

ఆ రాత్రే ఆమె సంచులు సర్దడం మొదలుపెట్టింది. పలమనేరు మామిడికాయలు, రాగిపిండి, చింతపండు, మూత బిగించిన డబ్బాలో శనక్కాయల ఊరుబిండి పచ్చడి, బెల్లం పూర్ణం ఓళిగలు. సర్దడమంతా అయ్యాక మొగుడి కుడిచెయ్యి లాగి తన నెత్తిమీద పెట్టుకుంది.

"ఒట్టెయ్యి. ఊరికి తిరిగొచ్చేదాకా నువ్వు కండక్టరు కాదు. పాసింజరు. నోరు మూసుకోని కిటికీ పక్కన కూచుంటావు."

గంగులప్ప ఒట్టేశాడు. వేశాక గానీ తెలియలేదు, ఎంత పెద్ద ఒట్టో.

* * *

పొద్దున్నే కుప్పం బస్సెక్కారు. కిటికీ పక్కన కూచున్నాడు గంగులప్ప. కూచోవడం అలవాటు లేని ఒళ్లు, ఎక్కడ పెట్టుకోవాలో తెలియని చేతులు. ఒకసారి ఒళ్లో పెట్టుకున్నాడు, ఒకసారి ముందు సీటు కడ్డీ పట్టుకున్నాడు. బస్సులో కండక్టరు కీర్తి అనే అమ్మాయి. కొత్తగా చేరినప్పుడు కొన్నాళ్లు ఆయన దగ్గరే పని నేర్చుకుంది. "అప్పా, మీరు కూచోనుంటే సూసేదానికి ఏదోమాదిరి ఉండాది," అని నవ్వి టికెట్లు కొట్టి ముందుకు పోయింది.

పలమనేరు దాటేదాకా బాగానే ఉన్నాడు. వెంకటగిరికోట దగ్గరికొస్తుండగా, మల్బరీ తోటలోంచి ఒక ముసలమ్మ చెయ్యెత్తి, కొంగు జారిపోతున్నా పట్టించుకోకుండా పరిగెత్తుకొస్తోంది. కీర్తి వెనకవైపు ఎవరికో చిల్లరిస్తోంది. డ్రైవరు చూడలేదు. గంగులప్ప పెదవి కొరుక్కున్నాడు. పెళ్లాం వైపు చూశాడు. ముసలమ్మ వైపు చూశాడు.

"హోల్డా...న్!"

బస్సు ఉన్నచోటనే ఆగిపోయింది. నిలబడ్డవాళ్లంతా ముందుకి తూలారు. ముసలమ్మ ఎక్కి, "సల్లంగుండు నాయినా," అని దీవించి, ఆయన పక్కనే ఇరుక్కుని కూచుంది. రెడ్డెమ్మ సంచీ ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఒట్టు?" అంది సంచీ వెనకనుంచి.

"అది రైలుకి గదా? ఇది మన బస్సు," అన్నాడు గంగులప్ప.

కుప్పంలో రైలెక్కేముందు ఒట్టు మళ్లీ వేయించుకుంది.

రైలు చూసి గంగులప్పకి మొదట ఆశ్చర్యం, తర్వాత దిగులు. నల్లకోటేసుకున్న టికెట్ కలెక్టరు ఒకసారి వచ్చి పోయాడు. మళ్లీ రాలేదు. "ఎక్కినోడెవరు, దిగినోడెవరు, సూసేదానికి మనిషొద్దా?" అని పెళ్లాం చెవిలో గొణిగాడు. ఆమె కళ్లెర్రజేసేసరికి కిటికీ వైపు తిరిగాడు.

జోలార్‌పేటలో ఒక బొద్దుపాటాయన ఎక్కి ఎదురు బల్లమీద కిటికీ పక్కన కూచున్నాడు. పక్కనున్న లావుపాటాయనతో అరవంలో, "నాకు కొంచెం కునుకు పడుతోంది. సేలం రాగానే లేపండి," అన్నాడు. లావుపాటాయన సరేనన్నాడు. అని, ఆయనే ముందు నిద్రపోయాడు. ఎండ మొహాన పడుతోందని ఇద్దరూ తువ్వాళ్లు కప్పుకున్నారు. ఒకరి గురక ఎక్కడ ఆగితే అక్కడినుంచి రెండోవాడు అందుకుంటున్నాడు.

సరిహద్దు మనిషి కాబట్టి గంగులప్పకి అరవం బాగానే అర్థమవుతుంది. అర్థమవడమే కొంప ముంచింది. ఇప్పుడు ఈ మనిషిని సేలంలో దించేదెవరు? ఆ ఆలోచనతోనే లేచి పోయి మొహం కడుక్కుని వచ్చాడు. ఆయన అటు పోయినప్పుడు, ఉక్క ఎక్కువై, లావుపాటాయన కిటికీ గాలి కోసం జరగమని రెండో ఆయన్ని తట్టి, ఇద్దరూ చోట్లు మార్చుకుని మళ్లీ పడుకున్నారు. తువ్వాళ్లు మళ్లీ మొహాల మీదికొచ్చాయి. ఈ సంగతి గంగులప్పకి తెలియదు.

రైలు నెమ్మదించింది. సేలం. ఇద్దరిలో ఒక్కరూ కదలరు. రెడ్డెమ్మ కూడా వెనక బల్లకి తలానించి నిద్రపోతోంది. ఒట్టు పెట్టించుకున్న మనిషి నిద్రలో ఉంటే ఒట్టు కూడా నిద్రలో ఉన్నట్టేనని గంగులప్ప తీర్పు చెప్పుకున్నాడు. లేచి నిలబడ్డాడు. ఏడాదిగా లోపల మగ్గిన గొంతు ఒక్కసారి బయటికొచ్చింది.

"సేలం! సేలం! సేలం దిగేవోళ్లు! ఎరంగుంగో, ఎరంగుంగో!"

కిటికీ పక్కనున్న తువ్వాలు ఎగిరిపడింది. దాని కిందనుంచి లావుపాటాయన లేచి, చెప్పులు ఒకటి తనదీ ఒకటి ఇంకొకరిదీ తొడుక్కుని, చేతికందిన సంచీ పట్టుకుని, నిద్రకళ్లతోనే దిగి పరిగెత్తాడు. కిటికీ పక్కవాడు దిగాడు కదా అని, మొహం చూడకుండానే గంగులప్ప నిమ్మళించాడు. "రైట్," అనుకున్నాడు మెల్లగా. రైలు కదిలింది.

అప్పుడు రెండో తువ్వాలు తొలగింది. "సేలం వందాచ్చా?" అన్నాడు లోపలి మనిషి, వచ్చేసిందా అని అరవంలో.

రెడ్డెమ్మ కళ్లు తెరిచింది. ప్లాట్‌ఫారం మీద లావుపాటాయన జుట్టు రేగిపోయి రైలుతోపాటు పరిగెత్తడమూ, వెనక పెట్టెలో ఎవరో ఆయన్ని చెయ్యి పట్టి లోపలికి లాగడమూ చూసింది. ఆయన చేతిలో ఉన్న సంచీ కూడా చూసింది. అది వాళ్ల మామిడికాయల సంచీ.

"ఎవర్ని దించినావప్పా?" అంది.

గంగులప్ప కిటికీలోంచి బయటికి చూడసాగాడు. బయట చూడదగ్గదేమీ లేదు.

కాసేపటికి లావుపాటాయన పెట్టెలన్నీ దాటుకుంటూ, రొప్పుతూ వచ్చాడు. కోయంబత్తూరు పోవలసిన మనిషిని సేలంలో దించిన మహానుభావుడెవరని అరవంలో అడిగాడు. ఆ అడగడంలో గంగులప్ప తాతముత్తాతలు కూడా వచ్చిపోయారు. రెండో ఆయన ఏమంటాడోనని గంగులప్ప బిక్కచచ్చిపోయి చూశాడు. ఆయన మాత్రం నింపాదిగా తువ్వాలు మడతపెట్టుకుంటున్నాడు.

"నేను అత్తగారింట్లో పంచాయితీకి పోతాండాను," అన్నాడు ఆయన, వచ్చీరాని తెలుగులో. "బామ్మర్దులిద్దరూ గోడ కోసరం కొట్లాట. ఈరోడ్‌లో దిగి వెనక్కి పోయే లోపల వాళ్లే కొట్టుకోని వాళ్లే సర్దుకుంటారు. మంచి పని జేసినావు పెద్దాయనా!"

ఇదే సందని రెడ్డెమ్మ ఓళిగల డబ్బా మూత తీసింది. కోపంతో ఉన్నవాడి చేతిలో ఓళిగ పెడితే తిట్టడానికి నోరు ఖాళీ ఉండదు. లావుపాటాయన మూడోది తినేటప్పటికి మామిడికాయల సంచీ తానే తీసి జాగ్రత్తగా బల్లకింద పెట్టాడు. ఈరోడ్ రాకముందే నలుగురూ చుట్టాలైపోయారు. దిగేటప్పుడు అత్తగారింటి మనిషి గంగులప్ప చెయ్యి పట్టుకుని మరీ ఊపాడు.

* * *

కోయంబత్తూరు స్టేషనులో ఆనందరావు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. "వందనాలు," అన్నాడు. గంగులప్ప రెండు చేతులూ పట్టుకున్నాడు. అంతే. ఆటోలో ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు. మొదట ఆనందం వల్ల అనుకున్నారు ఆడవాళ్లు.

ఇంట్లో కూడా అంతే. జెస్సికా కొత్త సోఫాలో ఇద్దరినీ ఎదురెదురుగా కూచోబెట్టి, కాఫీలిచ్చి ట్యూషను చెప్పడానికి పోయింది.

"ఎండలు ఎట్లుండాయి ఆడ?" అన్నాడు ఆనందరావు.

"ఉండాయి."

ఫాను తిరిగింది.

"టమోటాలు?"

"రేటు లేదు."

ఫాను ఇంకా తిరిగింది. ఇద్దరూ దాన్నే చూశారు. వంటింట్లో ఫ్లోరా, రెడ్డెమ్మ అప్పటికి పుంగనూరులో ఉన్న కాపురాలన్నీ కూలదోసి, మదనపల్లెకి చేరుకున్నారు.

రాత్రి పడుకునేముందు గంగులప్ప దిగులుగా అన్నాడు. "మేయ్, ఆనందు మారిపోయినాడు. నేను రావడం ఇష్టం లేదేమో."

అటు గదిలో ఆనందరావు ఫ్లోరాతో అదే మాటన్నాడట. ఈ సంగతి పొద్దున పప్పు రుబ్బుకుంటూ ఇద్దరాడవాళ్లూ చెప్పుకుని, నవ్వాలో తలకొట్టుకోవాలో తెలియక రెండూ చేశారు.

రెండోరోజు మరుదమలై పోదామనుకున్నారు. ఊరి బయట కొండ, పైన మురుగన్ గుడి. "మీరు కొండెక్కి దండం పెట్టుకోని రాండి. మేమిద్దరం కింద కూచోని కాఫీ తాగతాం," అంది ఫ్లోరా. అల్లుడు జొనాథన్ తన మారుతీ వ్యానులో తీసుకుపోతానన్నాడు. తీరా బయల్దేరేసరికి మిల్లు నుంచి ఆయనకి పిలుపొచ్చింది, ఏదో మిషను ఆగిపోయిందని. జెస్సికా, "రేపు పోదాంలే నాన్నా," అంటూండగానే ఆనందరావు మేకుకి తగిలించిన తాళంచెవి తీసుకుని బయటికి నడిచాడు.

"నాన్నా, ఈ ఊరి ట్రాఫిక్కు..."

"కుప్పం సంతలో బస్సు తోలినాను, పోమ్మా," అన్నాడు. ఆ ఇంట్లో ఆయన అంత పొడుగు మాట మాట్లాడి చాలా రోజులైంది.

ముందు సీటు తలుపు తీసి పెట్టారు గంగులప్ప కోసం. ఆయన దాన్ని చూడనైనా చూడకుండా వెనక్కిపోయి, జరిపే తలుపు పక్కన, డ్రైవరు వెనక కూచున్నాడు. అద్దంలోకి చూశాడు. అద్దంలో ఆనందరావు రెండు కళ్లు కనబడ్డాయి.

అప్పుడర్థమైంది గంగులప్పకి. పన్నెండేళ్లూ తాను మాట్లాడింది ఈ కళ్లతో. మిగతా మొహంతో పెద్దగా పరిచయమే లేదు. తాము ఎదురెదురుగా కూచుని మాట్లాడుకున్న మనుషులు కారు. ఒకడు ముందు, ఒకడు వెనక. మధ్య ఇంజను రొద, దాన్ని మించి అరవడం.

"పోదామా?" అన్నాడు అద్దంలోని ఆనందరావు.

"రైట్!" అన్నాడు గంగులప్ప.

వ్యాను రెండు వీధులు దాటిందో లేదో, ఆనందరావే మొదలుపెట్టాడు. "అవునప్పా, సదుం పెండ్లోళ్లు గెవనముండారా?"

"మరిస్తేనా! పెండ్లికూతుర్ని పుంగనూరు బస్టాండులో మరిసిపోయి కుప్పం దాకా వొచ్చినోళ్లు!"

"నువ్వు తలకాయలు లెక్కబెట్టి సరిపోయిందంటివి!"

"సరిపోయింది గదా! పెండ్లికూతురు బదులు ఎవరో సూదిమందు నర్సమ్మ కూచోనుండె!"

ఆనందరావు నవ్విన నవ్వుకి వ్యాను కొంచెం వంకర పోయింది. ఫ్లోరా "దేవా" అని రెడ్డెమ్మ చెయ్యి పట్టుకుంది. ఇంక ఆ నోళ్లు ఆగలేదు. చెడిపోయిన టైర్లు, చచ్చిపోయిన డిపో మేనేజర్లు, బస్సులో పుట్టిన మేకపిల్ల, అన్నీ వచ్చాయి. ఇద్దరూ అరుస్తూనే ఉన్నారు, వ్యానులో అంత రొద లేకపోయినా.

ఊరి చివర ఒక బస్టాపు దగ్గర పూలబుట్టలతో ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. బస్సు రాక విసిగిపోయి ఉన్నారు కాబోలు, ఒకామె ఊరికే చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి కనబడగానే ఆనందరావు కాలు బ్రేకు మీదికి దానంతటదే పోయింది. వ్యాను ఆగీ ఆగకముందే గంగులప్ప తలుపు జర్రున లాగాడు.

"మరుదమలై, మరుదమలై! ఏరుంగమ్మా, ఎక్కండమ్మా! లోపలికి జరగండి, లోపలికి జరగండి!"

ఎక్కారు. ఎంతమంది ఎక్కారో గంగులప్పకి కూడా అంతుచిక్కలేదు. ఫ్లోరా కిటికీకి అతుక్కుపోయింది. రెడ్డెమ్మ ఒళ్లో ఒక మల్లెపూల బుట్ట, దానిమీద ఎవరిదో కనకాంబరాల బుట్ట. మొగుడు సగం బయటికి వేలాడుతూ, గాలికి పంచె ఎగురుతూ, వ్యాను పక్కన అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు. ఆమె తిట్టడానికే నోరు తెరిచింది. కానీ ఇన్నేళ్ల కాపురంలో మొగుడు పని చేస్తుండగా చూడడం ఆమెకదే మొదటిసారి. పుంగనూరు ఇంట్లో పేపరు చాటున కూచునే మనిషి ఈయనేనా అనిపించింది.

"ఫ్లోరక్కా," అంది బుట్టల మీదుగా. "మా ఆయన బాగుండాడు గదా?"

"మా ఆయన గూడా," అంది ఫ్లోరా, కిటికీకి అతుక్కుపోయిన చెంపతోనే.

కొండ దగ్గర దిగేటప్పుడు పూలామె చార్జీ ఇవ్వబోయింది. వద్దంటే వద్దన్నాడు గంగులప్ప. ఆమె ఊరుకోక ఆడవాళ్లిద్దరికీ చెరొక మూర కనకాంబరాలు తెంచిచ్చింది. ఫ్లోరా పూలు పెట్టుకునే మనిషి కాదు. కాసేపు చేతిలో పట్టుకుని ఆలోచించి, వ్యాను అద్దానికి చుట్టింది.

మిగిలిన రెండు రోజులూ పొద్దునా సాయంత్రం ఏదో ఒక పని పెట్టుకుని వ్యాను బయటికి తీశారు. కొత్తిమీర కట్టకి కూడా వ్యానే. నాలుగో రోజు స్టేషనులో వీడ్కోలప్పుడు మాత్రం మళ్లీ ఎదురెదురుగా నిలబడవలసి వచ్చింది. ఇద్దరికీ మాట రాలేదు. అయినా ఈసారి ఎవరూ దిగులుపడలేదు.

* * *

బెంగుళూరులో భార్గవి వాళ్లది నాలుగో అంతస్తు. అక్కడ లిఫ్టు ఉందని తెలిశాక గంగులప్ప గురించి ఎవరికీ బెంగ లేకపోయింది. పొద్దునంతా అందులోనే పైకీ కిందికీ తిరిగాడు. "మూడో ఫ్లోరు ఎవరమ్మా? ఇంగిద్దరికి సోటుండాది, రాండి!" ఆ బిల్డింగులో ఏళ్లతరబడి ఒకరినొకరు పలకరించుకోని కాపురాలు ఆ ఒక్కరోజులో పలకరించుకున్నాయి. రెడ్డెమ్మ ఒట్టు సంగతి ఎత్తలేదు.

ఆమె ధ్యాసంతా వేరే చోట ఉంది. కూతురితో బజార్లు తిరిగింది, ఎస్కలేటరు ఎక్కి దిగి మళ్లీ ఎక్కింది, కన్నడంలో బేరమాడి చీర కొనుక్కుంది. తిరుగు ప్రయాణం పొద్దున గంగులప్ప సంచులు సర్దుతుంటే, కదలకుండా కుర్చీలో కూచుంది.

"నీ సంచీ యాడ?" అన్నాడు.

"నేను రావడం లేదు. పాప మైసూరు తీసకపోతానంటాండాది. ఇంగో పది దినాలుండి వస్తా. నీకు దోవ తెలుసు గదా, పోయిరా."

"నేనొక్కణ్ణేనా?"

"కుప్పం నుంచి స్టేజీలన్నీ నీకు కంఠతా గదప్పా," అంది.

గంగులప్ప కూతురి వైపు చూశాడు. అల్లుడి వైపు చూశాడు. ఇద్దరూ నవ్వు ఆపుకోవడంలో మునిగి ఉన్నారు. ఇంక చేసేదిలేక సంచీ భుజాన వేసుకున్నాడు.

పుంగనూరు చేరిన రెండోనాడు సాయంత్రం, పాపక్క ఇంటికి రెడ్డెమ్మ ఫోనొచ్చింది. మైసూరులో ప్యాలెస్ దీపాలు చూశామనీ, ఏనుగు మీద ఎక్కమంటే భార్గవి భయపడిందనీ, తాను ఎక్కాననీ చెప్పింది. ఏం తింటున్నావని అడిగింది. "సంగటి," అన్నాడు గంగులప్ప. ఆ సంగటి ఉండలు కట్టిందని మాత్రం చెప్పలేదు.

ఫోను పెట్టేశాక పాపక్క అడిగింది. "యాడుండాది మీ ఇంట్లో ఆమె?"

"ఏనుగు మీద," అన్నాడు గంగులప్ప.

పాపక్క లోపలికిపోయి, సంగటిలోకని గిన్నె నిండా వేడివేడి పప్పుచారు పోసి తెచ్చి ఇచ్చింది. ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఒలక్కుండా మెల్లగా అడుగులేస్తూ ఇంటికి నడిచాడు.